తమ్ముడు తెచ్చిన అహ్వాల్

షాహ్‌దాద్ తిరిగొచ్చిన రోజు గుడారాల దగ్గర కుక్కలు కూడా మొరగలేదు. సొంతవాడు కదా. ఒంటెను కూర్చోబెట్టి, బట్టల దుమ్ము దులుపుకుని, అన్న జియంద్ పరిచిన గొంగళి మీద కూర్చున్నాడు. నీళ్ళిచ్చారు, మజ్జిగ ఇచ్చారు. చుట్టూ మగవాళ్ళందరూ చేరారు, గుడారం వెనక ఆడవాళ్ళు చేరారు. కానీ ఎవరూ ఏమీ అడగలేదు. కూర్చున్నవాళ్ళలో పెద్ద ఎవరో వాళ్ళే అడగాలి, అడిగాక వచ్చినవాడు చెప్పాలి. ఇల్లు వదిలిన రోజు నుంచి మొదలుపెట్టి, ఏ వాగు పక్కన పడుకున్నాడో, ఎక్కడ వాన పడిందో, ఎవరి మేకలు ఈనాయో, ఎవరు పోయారో, ఎవరు ఎవరిమీద కత్తి దూశారో, అన్నీ వరసగా చెప్పాలి. దాన్నే మా బలోచులు అహ్వాల్ అంటారు.

సులేమాన్ కొండలకీ సింధు నదికీ మధ్య ఉన్న ఈ ఎండు నేలలో ఏ బావి ఎండిపోయిందో, ఏ తెగ మన మీదికి రాబోతోందో తెలియాలంటే అహ్వాల్ ఒక్కటే దిక్కు. అందుకే మావాడు సంతలో అబద్ధమాడతాడు, పెళ్ళాం దగ్గర ఆడతాడు, ఒంటె వయసు అడిగితే మరీ ఆడతాడు. అహ్వాల్‌లో మాత్రం ఆడడు. విన్నవాడు కూడా దాన్ని ఇంకో గుడారానికి మోసుకెళ్ళేటప్పుడు ఒక్క ముక్క కలపడు, ఒక్క ముక్క మింగడు.

ఆ ఏడు ఇంగ్లీషు సర్కారు వారు కాందహారు మీదికి యుద్ధానికి పోయారు. వాళ్ళ యుద్ధం, వాళ్ళ ఇష్టం. కానీ వాళ్ళ సిపాయిలు తినే పిండీ, గుర్రాలు తినే బార్లీ, తుపాకుల మందూ కొండల మీదికి ఎవరు మోస్తారు? మా ఒంటెలు మోయాలి. ఆ ఒంటెల ముక్కుతాళ్ళు పట్టుకుని మా పిల్లలు నడవాలి. తహసీలు నుంచి మనుషులు వచ్చి పోతున్నారు. వాళ్ళు వస్తున్నారని తెలియగానే మావాళ్ళు ఒంటెల్ని లోతు వాగుల్లోకి తోలేసేవాళ్ళు. ఖాళీ మైదానంలో కూర్చుని, ఒంటెలా, ఎప్పుడో చూశాం బాబూ అన్నట్టు మొహాలు పెట్టేవాళ్ళు. అయినా నెలకింద సంతకు వెళ్ళినప్పుడు షాహ్‌దాద్ దొరికిపోయాడు. అతన్నీ, కొడుకు మెహరాబ్‌నీ, ఒంటెల్నీ కలిపి పట్టుకుపోయారు.

ఇప్పుడు షాహ్‌దాద్ ఒక్కడే వచ్చాడు. తండ్రి చచ్చినప్పుడు షాహ్‌దాద్ పాలు తాగే పిల్లాడు. జియంద్ వాడిని వీపున కట్టుకుని ఒంటెలు మేపాడు. పెళ్ళాం పోయాక సొంత కొడుకు దిల్‌మురాద్‌ని పెంచడం కూడా జియంద్‌కి కొత్తగా అనిపించలేదు, తమ్ముడి దగ్గరే నేర్చుకున్న పని కదా అది. అడగాల్సిన పెద్ద తనే కాబట్టి గొంతు సవరించుకుని అడిగాడు.

"అహ్వాల్ చెప్పు తమ్ముడా."

షాహ్‌దాద్ చెప్పాడు. పట్టుకుపోయిన రోజు నుంచి మొదలుపెట్టాడు. నది ఒడ్డున పెద్ద డిపో పెట్టారన్నాడు. కొండల్లా బస్తాలు పేర్చారన్నాడు. మనుషులకు పిండి, పప్పు, వారానికొకసారి మాంసం పెడుతున్నారన్నాడు. మెహరాబ్ బాగున్నాడు, వాడికి కొత్త ఉన్ని కోటు కూడా ఇచ్చారన్నాడు. చివరికి అందరూ ఎదురుచూస్తున్న ముక్క దగ్గరికి వచ్చాడు.

"కనుమ నోటిదాకానే మన పని. ఆడ బరువు దించేది, వెనక్కి తిరిగేది. పైకి కొండోళ్ళ ఒంటెలే మోస్తాయి. మన ఒంటెలు మంచు మొహం కూడా చూడవు."

అందరూ ఊపిరి వదిలారు. మైదానంలో పుట్టిన ఒంటె కొండమీద చలికి బతకదని మా పిల్లలకి కూడా తెలుసు. అదొక్కటే అందరి భయం. ఆ భయం పోయాక మిగిలిందల్లా కూలిపనే. వాగుల్లో దాక్కుని, తహసీలు మనుషుల చేత తన్నులు తింటూ ఎన్నాళ్ళుంటారు?

అహ్వాల్ చెప్పేవాడు మామూలుగా తడబడతాడు. ఆ వాగు కాదు, దాని పక్కది అని వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుంటాడు. షాహ్‌దాద్ ఒక్క చోట కూడా తడబడలేదు. తన తమ్ముడు ఎంత తీరుగా చెప్పాడో అని జియంద్ మురిసిపోయాడు. ఆ మురిపెం తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

మర్నాడే జియంద్ ఆ అహ్వాల్ మోసుకుని చుట్టుపక్కల గుడారాలకి బయల్దేరాడు. ఆయన మాటంటే మా తెగలో ఎదురు లేదు. జియంద్ చెప్పాడంటే ఇంక రెండోవాళ్ళని అడగక్కర్లేదనే పేరు. ఆ పేరంటే ఆయనకీ ఇష్టమే, కాదనడానికి లేదు. ఎక్కడికెళ్ళినా గొంగళి పరిచేవాళ్ళు, వేడిరాయికి చుట్టి కాల్చిన రొట్టె పెట్టేవాళ్ళు. తమ్ముడు చెప్పింది చెప్పినట్టు, వారానికొకసారి మాంసంతో సహా, అప్పజెప్పేవాడు. వాళ్ళు వాగుల్లోంచి ఒంటెల్ని బయటికి తోలుకొచ్చేవాళ్ళు.

ఒక్క గోహర్ దగ్గర మాత్రం అంత తేలిగ్గా అవ్వలేదు. గోహర్ విధవరాలు, నోరు గట్టిది. మొగుడు వదిలివెళ్ళిన నాలుగు ఒంటెలు, ఒక్క కొడుకు నోధక్, అంతే ఆమె ఆస్తి. నోధక్, దిల్‌మురాద్ ఒక ఈడువాళ్ళు, ఎప్పుడూ కలిసే తిరిగేవాళ్ళు. ఆమె గుడారం గుంజకి ఆనుకుని మొత్తం విన్నది. విన్నాక నవ్వింది.

"నీ తమ్ముడు వచ్చి చెప్పింటే నేను నమ్మేదాన్ని కాదు జియందూ. చిన్నప్పుడు నా మేకపిల్లను దాచిపెట్టి నాకే అమ్మజూసినోడు వాడు. నువ్వు చెప్తాండావు కాబట్టి వింటాండా."

"వాడు చెప్పినా నేను చెప్పినా అహ్వాల్ ఒకటే గదక్కా."

"ఒకటి కాదు. ఈ మాట మీద నువ్వు నిలబడతావా?"

"నిలబడతా."

గోహర్ ఈనబోతున్న ఆడ ఒంటెను ఒక్కదాన్నే ఉంచుకుని మిగతా మూడింటినీ, వాటితో నోధక్‌నీ పంపింది. జియంద్ తన ఒంటెలన్నిటినీ ఇచ్చాడు. దిల్‌మురాద్‌ని పంపి, పెద్దవాడు తోడుంటే పిల్లలకి ధైర్యంగా ఉంటుందని తనూ వెళ్ళాడు. షాహ్‌దాద్ గుడారాల దగ్గరే ఉండిపోయాడు. నడుం పట్టేసిందన్నాడు.

డిపోలో తొలి రెండు రోజులు షాహ్‌దాద్ చెప్పినట్టే జరిగింది. పిండి పెట్టారు. మెహరాబ్ కనిపించాడు, కొత్త కోటు తొడుక్కుని బస్తాల కాపలా కాస్తున్నాడు. పెదనాన్నను చూసి దగ్గరికి రాకుండా బస్తాల వెనక్కి తప్పుకున్నాడు. సర్కారు కొలువు దొరికేసరికి కళ్ళు నెత్తికెక్కాయని దిల్‌మురాద్, నోధక్ వాడిని ఎగతాళి చేశారు.

కనుమ నోటి దగ్గర బరువులు దించమని ఎవరూ చెప్పలేదు. అక్కడ కొండవాళ్ళ ఒంటె ఒక్కటి కూడా లేదు. జియంద్ కాపలా హవల్దారు దగ్గరికి వెళ్ళి, మా పని ఇక్కడిదాకానే కదా అని అడిగాడు. హవల్దారు పక్కవాడికి ఆ మాట చెప్పాడు, ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత తుపాకీ మడమతో ఒంటె పక్కలో పొడిచి, నడవమన్నాడు. ముందూ వెనకా తుపాకులవాళ్ళున్నారు. ముందురోజు పారిపోబోయిన సింధీ ఒంటెలవాడిని బండికి కట్టి కొరడాతో కొట్టడం అందరూ చూశారు. నడిచారు.

పైకి వెళ్ళేకొద్దీ రాళ్ళు, రాళ్ళ మధ్య వాగు, వాగు పొడవునా పచ్చటి గన్నేరు పొదలు. ఆ కొండల్లో పచ్చగా కనిపించేది అదొక్కటే. కొండ ఒంటె దాన్ని వాసన చూసి వదిలేస్తుంది, పుట్టినప్పటినుంచీ తల్లి వెనక తిరిగి నేర్చుకుని ఉంటుంది. మా ఒంటెలకి గన్నేరంటే ఏమిటో తెలియదు, మైదానంలో ఎక్కడుంది గనక! పగలంతా బరువు మోసి, మేత లేక, ఆకలి మీదున్న ఒంటెని ఎవరు ఆపగలరు? నోళ్ళకి తాళ్ళు కట్టారు, కర్రలతో అదిలించారు. ఒకదాన్ని ఆపితే ఇంకొకటి మెడ చాపేది. తిన్న ఒంటె కాసేపటికి వణికేది, నోట నురగ కక్కేది, మోకాళ్ళ మీద కూలబడేది. తినకుండా మిగిలినవాటిని చలి తినేది. బరువు దించి, మిగతా ఒంటెలకి పంచి, చచ్చినదాన్ని దారి పక్కకి ఈడ్చి ముందుకు తోలేవాళ్ళు.

జియంద్ ఆ రోజుల్లో ఎవరి మొహమూ చూడలేకపోయాడు. తన నోటి మాట నమ్మి వచ్చినవాళ్ళే అందరూ. తమ్ముడిని ఎవరో మోసం చేసి ఉంటారని మొదట అనుకున్నాడు. పాపం వాడు డిపో దాటి పైకి రాలేదేమో, ఎవరో చెప్పింది నమ్మాడేమోనని మనసుకి సర్దిచెప్పుకున్నాడు. అలా అనుకున్నన్నాళ్ళూ కాస్త నిద్ర పట్టింది.

నోధక్ చచ్చిపోయిన రోజు పొద్దున అక్కడ మంచు పడి ఉంది. వెచ్చగా ఉంటుందని వాడు తన తల్లి పంపిన ఒంటెల్లో ఒకదాన్ని ఆనుకుని పడుకున్నాడు. ఆ ఒంటె ఎప్పుడు గన్నేరు తిన్నదో ఎవరూ చూడలేదు. తెల్లారేసరికి అదీ చల్లబడి ఉంది, వాడూ చల్లబడి ఉన్నాడు. దిల్‌మురాద్ వాడి చేతుల్ని తన చంకల్లో పెట్టుకుని చాలాసేపు రుద్దాడు. నేల గడ్డకట్టి తవ్వడానికి కుదరలేదు. రాళ్ళు పేర్చి, నమాజు చదివి వదిలేశారు.

ఆ మధ్యాహ్నమే మున్షీ జియంద్‌ని పిలిపించాడు. సరుకుల లెక్కంతా ఆ మున్షీ చేతిలో ఉండేది. దిల్లీవైపు మనిషి, మాట మెత్తన. గుడారంలో కుంపటి ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఒంటెలు బాగా తగ్గిపోయాయని, ఇంకా కావాలని, సాహెబులు తన ప్రాణం తీస్తున్నారని చెప్పుకున్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు.

"నువ్వు కిందికి వెళ్ళు జియంద్ మియా. మీవాళ్ళకి మంచి అహ్వాల్ చెప్పు. ఒంటెలు డిపోకి రాగానే నీ కొడుకుని కిందికి దింపేస్తాను. బస్తాల కాపలా పని, వెచ్చటి కోటు. ఒంటెలు రాకపోతే మాత్రం ఈ నెలాఖరుకి బయల్దేరే దండుతో కాందహారు వెళ్తాడు. దానికి నన్నేం అనొద్దు."

జియంద్‌కి మొదట అర్థం కాలేదు. తను అహ్వాల్‌లో అబద్ధం ఎలా చెప్తాడని అమాయకంగా అడిగాడు. మున్షీ కూడా అంతే అమాయకంగా ఆశ్చర్యపోయాడు.

"ఏం, మీ తమ్ముడు చెప్పలేదా? ఒక్క రోజులో ఒప్పుకున్నాడు. అతని కొడుకుని చూశావుగా డిపోలో. మేం దండోరా వేయిస్తే మీ దగ్గర ఒక్క ఒంటె రాదు. మీ వాడు ఒకడు గొంగళి మీద కూర్చుని నాలుగు మాటలు చెప్తే మంద మంద వస్తుంది. మీ పద్ధతి నాకు చాలా నచ్చింది."

జియంద్ చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. ముందు తమ్ముడి మీద కోపం రాలేదు. సిగ్గేసింది. మున్షీ ముందు బట్టల్లేకుండా కూర్చున్నట్టనిపించింది. మా తాతల నాటి నుంచీ నమ్ముకున్న మాటని వీడు ఒంటె ముక్కుకి తాడు కట్టినట్టు కట్టాడు, ఆ తాడు తెచ్చి వీడి చేతిలో పెట్టింది తన చేతుల్లో పెరిగిన తమ్ముడు. కోపం గుడారం బయటికి వచ్చాక వచ్చింది. అప్పుడు షాహ్‌దాద్ ఎదురుగా ఉండి ఉంటే చంపేసి ఉండేవాడు.

దిల్‌మురాద్ చచ్చిన ఒంటె మీది బస్తాలు విప్పుతున్నాడు. చేతివేళ్ళు పగిలి నెత్తురు కారుతోంది. జియంద్ కొడుకు దగ్గర ఏదీ దాచలేదు. మున్షీ అడిగింది, షాహ్‌దాద్ చేసింది, అంతా చెప్పాడు. కొడుకు కూడా తనలాగే భగ్గుమంటాడనుకున్నాడు. వాడు బస్తా మీద కూర్చుండిపోయాడు.

"నాలుగు మాటలే గదా నాయనా," అన్నాడు. "చెప్పు. నన్ను కిందికి దింపు."

"నోధక్ సంగతి చూసినావు గదరా."

"చూసినా కాబట్టే అడుగుతాండా. నాకు సావాలని లేదు. కాందహారు పోయినోళ్ళు ఎవురన్నా తిరిగొచ్చినారా? చెప్పు నాయనా. ఇంకెప్పుడూ నిన్ను ఏమీ అడగను."

పద్దెనిమిదేళ్ళ కుర్రాడు. ఎవరు తప్పు పడతారు? జియంద్ పట్టలేదు. కొడుకు తల దగ్గరికి తీసుకుని, సరే, వెళ్ళొస్తానన్నాడు. ఆ సరే ఏ సరేనో వాడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

దారి పొడవునా జియంద్ ఆ అబద్ధాన్ని వల్లించుకుంటూ నడిచాడు. కనుమ నోటి దగ్గర దించాం, తిరిగాం. పిల్లలందరూ డిపోలో ఉన్నారు. నోధక్ కూడా ఉన్నాడు. మొదట్లో నోరు తిరగలేదు. మైదానంలోకి వచ్చేసరికి గడగడా వచ్చేస్తోంది. మనిషి నోరు ఎంత తొందరగా అలవాటు పడుతుందో చూసి ఆయనకే భయమేసింది. తమ్ముడు కూడా ఇదే దారిలో ఇలాగే వల్లించుకుంటూ వచ్చి ఉంటాడు. ఆ ఆలోచన రాగానే షాహ్‌దాద్ మీద కోపం ఎక్కడ నిలబెట్టుకోవాలో తెలియలేదు.

గుడారాలు కనిపించేసరికి ఆయన ఆగిపోయాడు. మైదానం నిండా ఒంటెలున్నాయి. వాగుల్లో దాచిపెట్టిన మిగతావి, ఈనబోయేవి, పాలిచ్చేవి, పిల్లలతో సహా అన్నీ బయటికి వచ్చి మేస్తున్నాయి. జియంద్ వస్తున్నాడని ఎవరో దూరం నుంచి చూసి చెప్పారట. జియంద్ వస్తున్నాడంటే మంచి కబురే తెస్తాడని, ఇంక దాచేదెందుకని తోలుకొచ్చేశారు. గోహర్ కూడా తన ఒక్క ఆడ ఒంటెని తెచ్చి గుడారం పక్కన కట్టేసింది.

గొంగళి పరిచారు. నీళ్ళిచ్చారు. జియంద్ లేనప్పుడు పెద్ద షాహ్‌దాదే కాబట్టి అడగాల్సినవాడు అతనే. అన్న మొహంలోకి ఒక్కసారి చూసి కళ్ళు దించుకున్నాడు. అతనికి తెలుసు. ఆ దారిన కొడుకుని వదిలి ఒంటరిగా తిరిగొచ్చినవాడు ఏం మోసుకొస్తాడో అతనికి తప్ప అక్కడ ఇంకెవరికీ తెలియదు.

"అహ్వాల్ చెప్పన్నా," అన్నాడు.

జియంద్ మొదలుపెట్టాడు. బయల్దేరిన రోజు, పడుకున్న వాగు, డిపో, మెహరాబ్. ఇంతవరకూ అబద్ధానికీ నిజానికీ దారి ఒకటే. కనుమ నోటి దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు, డిపో నుంచి మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ఆడవాళ్ళ ముందు వరసలో గోహర్ కూర్చుని ఉంది, కొడుకు కబురు ఎప్పుడొస్తుందా అని ఆయన పెదాల వంకే చూస్తోంది. ఆ చూపులో అనుమానం లేదు. అనుమానం ఉంటే ఆ అబద్ధం చెప్పేసేవాడేమో.

"ఆడ బరువు దించలేదు," అన్నాడు జియంద్.

ఆ తర్వాత ఆగలేదు. హవల్దారు నవ్వు చెప్పాడు. గన్నేరు చెప్పాడు. ఎవరి ఒంటె ఏ వంపులో పడిందో పేరుపేరునా చెప్పాడు, వింటున్నవాళ్ళలో ఒక్కొక్కరే తల వంచుకున్నారు. నోధక్ ఎలా పోయాడో, ఎక్కడ రాళ్ళు పేర్చారో చెప్పాడు. మున్షీ తనని ఏం అడిగాడో, ఏం ఇస్తానన్నాడో చెప్పాడు. తనకన్నా ముందు అదే బేరానికి ఎవరు ఒప్పుకున్నారో కూడా చెప్పాడు. తమ్ముడి పేరు చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు. అహ్వాల్‌లో అదీ ఒక ముక్కే కాబట్టి దాని వరసలో అది వచ్చింది.

షాహ్‌దాద్ కాదనలేదు.

"నా కొడుకు పైన ఉండె," అన్నాడు నేల చూస్తూ. "ఆ పొద్దు నాకు మీ కొడుకులు ఎవురూ గుర్తు రాలేదు. ఇంతే. ఇంకేం చెప్పాల?"

కుర్రవాళ్ళు ఇద్దరు లేచి కత్తుల మీద చేతులేశారు. జియంద్ చెయ్యి ఎత్తాడు, కూర్చున్నారు. తమ్ముడిని కాపాడాలని కాదు. అహ్వాల్ పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదు, ఆయన నోట చివరి ముక్క ఇంకా మిగిలి ఉంది.

"ఒంటెలు పోకపోతే దిల్‌మురాద్‌ను కాందహారు తోలతారు. ఇంతే అహ్వాల్."

గోహర్ ఏడవలేదు. లేచి వచ్చి మగవాళ్ళ గొంగళి అంచున నిలబడింది. ఎన్నడూ ఏ ఆడదీ నిలబడని చోటు అది.

"నా గుడారం ముందర కూసోని చెప్పినప్పుడూ ఇదే గొంతు జియందూ," అంది. "ఇదే తీరు. నిలబడతా అన్న్యావు. నా బిడ్డను నీ చేతుల్లో పెట్టినాను గానీ మున్షీ చేతుల్లో పెట్టలేదు."

"ఈసారి నమ్ముతా," అంది గోహర్. "నీ మంచితనం చూసి కాదు. నీ కొడుకును ఆడ ఇడిసిపెట్టి చెప్తాండావు కాబట్టి."

పొద్దు వాలేలోపే గుడారాలు విప్పేశారు. కొండల్లో లోపలికి, సర్కారు గుర్రాలు ఎక్కలేని చోటికి పోవాలని తేలిపోయింది. ఆడ ఒంటెల మీద సామాన్లు, పిల్లలు. జియంద్‌ని ఎవరూ తిట్టలేదు, రమ్మనీ అనలేదు. షాహ్‌దాద్ తన ఒంటెనెక్కి డిపో వైపు, కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ అన్న ముందు ఒక్క క్షణం ఒంటెని ఆపాడు. ఏదో అనబోయాడు. జియంద్ మొహం తిప్పుకున్నాడు. తన వీపున మోసిన పిల్లాడే వాడు, ఆ బరువు వీపుకి ఇంకా తెలుస్తూనే ఉంది, అందుకే తిప్పుకున్నాడు.

ఆయనకి వెళ్ళాల్సిన చోటు ఒక్కటే మిగిలింది. మళ్ళీ కనుమ ఎక్కాడు.

దండు బయల్దేరే రోజుకి అందుకున్నాడు. ఒంటెలకి బరువులు ఎక్కిస్తున్నారు. దిల్‌మురాద్ ఒక బస్తా మీద కూర్చుని పిండి రొట్టె తింటున్నాడు. దూరం నుంచి తండ్రిని గుర్తుపట్టి వాడి మొహం వెలిగిపోయింది. వెంటనే తండ్రి భుజాల మీదుగా కింది దారికేసి చూశాడు. ఒంటెల వరస కోసం, దుమ్ము కోసం వెతికాడు. దారి ఖాళీగా ఉంది. ఇంకా వెనక వస్తున్నాయేమో అన్నట్టు చాలాసేపు చూశాడు.

జియంద్ వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వచ్చినవాడు తండ్రైనా, కూర్చుని ఉన్నవాడు కొడుకైనా, వచ్చినవాడిని అడగాల్సిందే. దిల్‌మురాద్ నోట్లోది మింగి అడిగాడు.

"అహ్వాల్, నాయనా?"

జియంద్ మొదటి నుంచి చెప్పాడు. దారిలో వల్లించుకున్న అబద్ధం గురించి, మైదానంలో మేస్తున్న ఒంటెల గురించి, కనుమ నోటి దగ్గర రెండుసార్లు ఆగిన గొంతు గురించి చెప్పాడు. గోహర్ అన్న మాటలు చెప్పాడు. గుడారాలు కొండల్లోకి వెళ్ళిపోయాయని, ఒంటెలేవీ రావని చెప్పాడు. ఒక్క ముక్క మింగలేదు. దిల్‌మురాద్ అడ్డం రాలేదు, చివరిదాకా విన్నాడు. వాడి చేతిలో సగం తిన్న రొట్టె చలికి గట్టిపడిపోయింది.

"నేను నిన్ను అడిగినా గదా నాయనా," అన్నాడు.

"అడిగినావు."

ముందునుంచి కేక వినిపించింది. దిల్‌మురాద్ లేచి ఒంటె ముక్కుతాడు అందుకున్నాడు. దండులో ఒంటెలవాళ్ళు తక్కువపడ్డారు కాబట్టి, జియంద్ వెనక ఒంటె తాడు పట్టుకున్నప్పుడు ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. వరస కదిలింది. కొడుకు ముందు నడుస్తున్నాడు, తండ్రి వెనక నడుస్తున్నాడు. మొదటి మలుపు దగ్గర వెనక్కి చూస్తాడేమోనని జియంద్ అనుకున్నాడు. వాడు చూడలేదు.